మగ్గం పక్కన లాటిన్ పాఠం

తడబడే నోళ్ళతోనే స్తుతి చేయించుకునే దేవునికి మహిమ కలుగును గాక. ఏ భాషలో పిలిచినా చెవి ఒగ్గే తండ్రికి స్తోత్రం.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నేను ఫాదర్ కావాలని సెమినరీలో మూడేళ్ళు లాటిన్ చదివి, జబ్బు చేసి తిరిగొచ్చి, నగరిలో క్యాథలిక్ గుడి పక్క బడిలో పాఠాలు చెబుతున్నాను. అప్పట్లో పూజ అంతా లాటిన్‌లోనే. పూజ చేసే ఫాదర్ పలికేదానికి జనం తరఫున ఒకరు పీఠం దగ్గర మోకరించి జవాబులు చెప్పాలి. మా గుడిలో ఏళ్ళ తరబడి ఆ పని చేసిన నేతగాడు చనిపోయాడు. ఆయన సంవత్సరీకం పూజకు తానే జవాబులు చెప్పాలని కొడుకు పట్టుబట్టాడు. ముప్పై ఏళ్ళవాడు, నలుగురు పిల్లల తండ్రి.

"నాయన పోయేముందు నా సెయ్యి పట్టుకోని అడిగినాడు అయివోరా. మీరే నేర్పియ్యాల" అన్నాడు.

నూలు దొరకని కాలం. దొరికిన రోజున మగ్గం దిగడానికి లేదు. అందుకని సాయంత్రాలు నేనే వాళ్ళింటికి వెళ్ళి, మగ్గం గుంట పక్కన కూర్చునేవాణ్ణి. ఒక్కో ముక్కా పలికి, అర్థం చెప్పేవాణ్ణి. గుంటలో కాళ్ళతో మగ్గం తొక్కుతూ, దారం మోసే నాడె అటునుంచి ఇటు వచ్చేలోగా అతను ఆ ముక్క తిప్పి చెప్పేవాడు. కండెలకు నూలు చుడుతూ అతని భార్య నవ్వేది.

"ఈయప్ప కాళ్ళు గుంటలో, నోరు రోమాపురిలో! సీరలో యాడన్నా మంత్రం నేసేస్తాడేమో, సూడండి అయివోరా!"

నెలన్నరకు అంతా వచ్చేసింది. నాకు కొంచెం గర్వం కూడా కలిగింది.

పూజకు మూడు రోజుల ముందు ఫాదర్‌గారు గుడిలో అతన్ని పరీక్షించారు. చిన్న జవాబులు బాగానే చెప్పాడు. రొమ్ము కొట్టుకుంటూ పాపాలు ఒప్పుకునే పెద్ద ప్రార్థన మధ్యలో ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ అక్కడే ఆగాడు.

"ఈ పూజకు నువ్వే చెప్పు" అన్నారు ఫాదర్‌గారు నాతో.

అతను బయటికొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. "మగ్గం కాడైతే గడగడా వస్తాదే! ఆడ నా నోరు ఎవురో కట్టేసినట్టు అయిపోయె."

తప్పు నాదని అప్పుడు తెలిసింది. మగ్గం ఆడుతుండగా నేర్పాను. పాఠం అతని పాదాల్లోకి దిగింది.

"అట్నే కూర్సోని, తొక్కినట్టు కాళ్ళాడిస్తా సెప్పు" అన్నాను. చెప్పాడు. ఒక్క ముక్క తప్పలేదు.

పరుగున వెళ్ళి ఫాదర్‌గారిని పిలుచుకొచ్చాను. ఆయన మెట్టు మీద అతని పక్కనే కూర్చుని మొత్తం విన్నారు. గడ్డం నిమురుకుంటూ, "పీఠం దగ్గర మగ్గం పెట్టలేను కదప్పా" అన్నారు.

"మోకాళ్ళ మీద ఉన్నా కాలేళ్ళు ఆడతాయి కదా సామీ" అన్నాను.

ఫాదర్‌గారు పకపకా నవ్వి, సరేనన్నారు.

పూజనాడు నేను వెనక మోకరించాను. అతను వంగి ఆ ప్రార్థన ఎత్తుకున్నాడు. నాకు కనబడుతున్నవి అతని అరికాళ్ళే, తొక్కి తొక్కి కాయలు కాచినవి. ఎడమ బొటనవేలు నేలను నొక్కితే కుడిది లేచేది. ఆగిపోయిన చోటు రానే వచ్చింది. వేళ్ళు ఆగలేదు. నోరూ ఆగలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి అతని భార్య ముక్కు చీదుకోవడం వినబడింది.

ఇప్పుడు పూజ తెలుగులోనే. నా లాటిన్ చాలావరకు మరుపున పడింది. అతనూ నాయన దగ్గరికే వెళ్ళాడు. చదువుతున్న మీరు ఉన్నచోటనే కాసేపు ఆగి నాతో కలిసి అనండి: ప్రభువా, ఆ తండ్రికీ ఆ కొడుకుకూ నీ వెలుగులో చోటివ్వు. మా నోళ్ళు కట్టుకుపోయిన రోజున మా కాళ్ళ కష్టాన్నైనా ఆలకించు. ఆమెన్.