అవ్వను దాటిపోయిన రొట్టె

ద్రాక్షరసం వాసనొస్తే లింగాల ఘనపూర్ చర్చిల చాప మీద కూసున్న అవ్వ యాదికొస్తది. అక్కడ పాస్టర్ మా నాయినే, అవ్వ కొడుకే. నా చిన్నప్పుడు, ఏసు యాదిల రొట్టె, ద్రాక్షరసం పంచే ఒక ఆదివారం నాయిన రొట్టె పళ్లెం తెచ్చి, అవ్వ చాపిన చేతిని దాటి పక్కామెకిచ్చిండు. మర్చిపోయిండనుకొని, "నాయినా, అవ్వకియ్యలే!" అని గట్టిగ అరిచిన.

ఆ ఖాళీ చేత్తోనే అవ్వ నా నోరు మూసింది. "ఊకో బిడ్డా. ఇంట్ల నా కొడుకు, ఈడ నాకు పెద్ద."

తప్పు చేసినోళ్లకు కొన్నాళ్లు రొట్టె ఇయ్యకపోవుడు సంఘం కట్టుబాటు. మళ్లీ రొట్టె విరిచే ఆదివారం రాకముందే అవ్వ పోయింది.

ఆమె తప్పేందో నేను పెద్దయినంక నాయినే చెప్పిండు. నాకు జరం తగ్గకపోతే, ఆయనకు తెల్వకుండ నా మణికట్టుకు తాయెత్తు కట్టించిందట.

ఇప్పుడు రొట్టెకు చెయ్యి చాపితే, ముందు నా మణికట్టే కనపడ్తది.