వంటింటి కిటికీ

ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకుని అమలాపురం బస్సులో ఇది రాస్తున్నాను. అమ్మ పక్క సీట్లో నిద్రపోతోంది.

"పొగ తాగే అలవాటుందా అండీ?" అని డాక్టరుగారు అడిగితే అమ్మ నవ్వింది. "లేదండీ. కొబ్బరి డొక్కల పొయ్యి మీద వండేదాన్నండి."

మన తాటాకు వంటిళ్ళు గుర్తున్నాయా? గోడకీ చూరుకీ మధ్య జానెడు సందు ఉండేది. పొగంతా అందులోంచే పోయేది. నాన్న మస్కట్ వెళ్ళాక మాకు స్లాబు ఇల్లు వచ్చింది. సందు పోయి ఒక్క కిటికీ మిగిలింది. పొయ్యి మాత్రం అదే.

ఆ కిటికీ బయటే తీగ మీద నా యూనిఫాం ఆరేది. ఒకరోజు బళ్ళో నా పక్కపిల్ల ముక్కు మూసుకుంది. ఇంటికొచ్చి, "కిటికీ మూసి వండమ్మా, బట్టలు పొగ కంపు కొడుతున్నాయి" అన్నాను.

"అలాగేలే అమ్మా" అంది.

నా పదో తరగతి అయ్యేదాకా అది మూసే ఉంది. తీగ ఇంకోచోట కట్టుకోవచ్చని ఇద్దరికీ తోచలేదు.

"వంటింట్లో గాలి ఆడేదా అండీ?" అన్నారు డాక్టరుగారు.

అమ్మ నా వైపు చూడకుండా, "ఆయ్, కిటికీ ఉండేదండీ" అంది.