ఎడమ సీటు బెల్టు

దయ్యాలున్నయంటే నేనెన్నడూ నమ్మలె. మా దిల్‌సుఖ్‌నగర్‌ల మనిషికే నిలబడ జాగ లేదు, దయ్యం ఏడ ఉంటదని దోస్తులను ఆటపట్టించేటోణ్ణి. ఇప్పుడు గూడ నమ్ముతున్న అని చెప్తలేను. అయింది అయినట్టు రాస్తున్న.

నాది కార్లకు సీటు కవర్లు కుట్టే పని. ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టి మిషన్ ముంగట కూసున్న. ఎల్బీ నగర్‌ల చిన్న దుకాణం.

నా భార్య రేణుక పోయినేడాది జ్వరమొచ్చి దవాఖానల పానం ఇడిసింది. తర్వాత మా పాత ఎస్‌యూవీ అమ్మేసిన. దాంట్ల ముంగటి ఎడమ సీటు ఆమెది. నడిపేటప్పుడు అటు దిక్కు చూడలేకపోయిన. మా బిడ్డ అక్షయ ఇంటర్ చదువుతది. "అమ్మ కూసున్న బండి అమ్ముతవా" అని ఒక్క మాట అన్నది. అంతే, నాతోని మాట్లాడుడు బంద్. ఏదన్న అడిగితే ఊ, ఆ.

నాగోల్‌ల వేరే కంపెనీ ఎస్‌యూవీ తీసుకున్న. ఇది గూడ సెకండ్ హ్యాండే. క్లచ్ జర గట్టి. ఏసీ మంచిగుంది, ఎండకాలంల గూడ స్వెట్టర్ అడుగుతది. సీటు ఎత్తు, ఫ్లైఓవర్ ఎక్కితే సర్పంచ్ లెక్క అనిపిస్తది. పాత బండికి అలవాటైన చెయ్యి, రివర్స్ గేరుకు ఇంకా తప్పు దిక్కే పోతది. అన్నీ చూసుకున్న గానీ సంతోషం రాలె. బాధ గూడ రాలె. తిమ్మిరెక్కిన కాలు లెక్క ఉంటి.

కొన్న వారంలనే ఒక పొద్దున చూస్తే ఎడమ సీటుకు బెల్టు పెట్టి ఉంది. సీటు ఖాళీ.

బెల్టు పెట్టుకోకుంటే బండి టింగు టింగుమని మొత్తుకుంటది. దాని నోరు మూయనీకి మా దిక్కు చాలామంది బెల్టును వీపు ఎనక నుంచి పెట్టి, దాని మీద ఆనుకుంటరు. చీర నలుగుతదని రేణుక గూడ అంతే. జారకుండ ఒక మెలిక తిప్పి మరీ పెట్టేది. వద్దంటే, సీట్లు కుట్టేటోనికి బెల్టు సంగతేం తెలుసని నన్నే అనేది.

ఇప్పుడు ఈ బెల్టుకు గూడ మెలిక ఉంది.

డీలర్ దగ్గర ఎవరో పెట్టుంటరని తీసేసిన. తెల్లారి మళ్ల పెట్టి ఉంది. బండి లాక్ చేసే ఉంది. బకిల్ ఊడబీకి చూసిన, నాకు తెలిసిన పనే గదా. చేత్తోని నొక్కంది పడదు. రెండో తాళంచెవి ఇంట్ల మేకుకు ఉంటది. అక్షయ పనే అనుకున్న. తల్లి యాదికొచ్చి పెడుతుందేమోనని ఏమీ అడగలె. తీసుడు గూడ మానేసిన. అక్షయ ఎనక సీట్లనే కూసుంటుండె.

ఒకనాడు బండి సర్వీసుకు ఇచ్చిన. మెకానిక్ ఆ సీట్ల కూసున్నడు, బెల్టు తీసిండు. సాయంత్రం కాలేజీ కాడ అక్షయను ఎక్కించుకున్న. సిగ్నల్ దగ్గర ఆగినం.

"నాన్నా, బెల్టు ఎందుకు తీసినవ్?"

ఎన్ని దినాలకు నాన్నా అన్నదో.

"మెకానిక్ తీసిండు బిడ్డా. రోజూ పెట్టినట్టే నువ్వు మళ్ల పెట్టు."

"నేనెందుకు పెడ్త? రోజూ పెట్టేది నువ్వే గదా."

గ్రీన్ పడ్డది. ఎనక హారన్లు. నా కాలు క్లచ్ మీద అట్లనే ఉన్నది.

"నీకు గూడ అమ్మ యాదికొస్తుందని అనుకున్న," అన్నది మెల్లగ.

ఇంటికి పోయి మేకుకున్న రెండో తాళంచెవి తీసుకొని, దుకాణం ముంగట బండి ఆపిన. బెల్టు తీసే ఉంచి, లాక్ చేసి, తాళంచెవులు రెండూ లోపట బీరువాల పెట్టి షట్టర్ దించిన. ఇద్దరం ఆటోల ఇంటికి పోయినం. పొద్దున మళ్ల ఇద్దరం కలిసే వచ్చినం. షట్టర్ తాళం వేసినట్టే ఉంది. బండి అద్దంల నుంచి చూసినం.

బెల్టు పెట్టి ఉంది. మెలికతోని.

నాకు భయం కాలె. అక్షయ గూడ భయపడలె. నేను షట్టర్ ఎత్తి తాళంచెవి తెచ్చినంక, ఎనక డోరు తీసి కూసొని, "పా నాన్నా, లేటైతది" అన్నది.

డీలర్‌ను అడిగిన, మెకానిక్‌ను అడిగిన. బకిల్ మార్పిచ్చిన గూడ. ఎట్ల జరుగుతుందో నాకు ఇప్పటికీ తెల్వదు. బండికి కొత్త కవర్లు కుట్టిన, ఒక్క ఎడమ సీటుకు తప్ప. దానికి ఎక్కియ్యాలంటే బెల్టు తియ్యాలె.