క్లెమ్ అనే క్లాస్

హోబార్ట్ రేవు పక్కన, పడవల వేళలు చూపే వెబ్‌సైట్ నడిపే మా ఆఫీసులో వెరిటీ హాల్డేన్‌ది ఒకటే పట్టు. పేజీలో ఏది ఎలా కనబడాలో రాసే స్టైల్ షీట్‌లో, ఒక్కో రకం సూచనల గుంపుని క్లాస్ అంటాం; దానికి రంగును బట్టి పేరు పెట్టకూడదు, పనిని బట్టి పెట్టాలి.

"ఎర్రడబ్బా అన్నావనుకో, రేపెవడో దాన్ని నీలం చేస్తాడు. అప్పుడా పేరు అబద్ధమైపోదూ? హెచ్చరిక అని పెట్టి ఊరుకో," అనేది.

అలాంటి మనిషి ఒక్క క్లాస్‌కి మాత్రం క్లెమ్ అని పెట్టుకుంది. క్లెమ్ ఆమె తమ్ముడు. అవతలి దీవిలో ఒంటరిగా ఉంటూ చేపలు పట్టేవాడు. వాళ్లమ్మ ఇల్లు అమ్ముడుపోయిన దగ్గర్నుంచి అక్కతో మాటల్లేవు, ఫోన్ చేసినా ఎత్తడు. అతని పాత కంప్యూటర్లో పాత బ్రౌజర్ ఉండేది. అందులో మా పేజీ సరిగ్గా కనబడటానికి చేసిన మరమ్మతంతా ఆ పేరు కిందే ఉండేది.

"రూలు మాకేనా, మీ తమ్ముడికి లేదా?" అని ఏడిపించేవాణ్ణి.

"వాడికి రూల్సంటే పడదులే," అనేది.

రోజూ పొద్దున్నే దీవి నుంచి ఆ పాత బ్రౌజర్ మా పేజీ తెరిచినట్టు, ఎవరెవరు చూశారో చెప్పే లెక్కలో కనబడేది. "లేచాడు మొండివెధవ," అని అప్పుడు టీ పెట్టుకునేది. ఆ ఇద్దరి మధ్య మిగిలిన మాట అదొక్కటే.

ఒక సోమవారం క్లాస్ పేర్లన్నీ సవరించాం. మర్నాడు క్లెమ్ పేజీ తెరిచాడు. ఆ తర్వాత రాలేదు.

వెతికితే, పాత బ్రౌజర్ కోసం విడిగా ఉంచిన ఫైల్లో ఒక పేరు మార్చడం మరిచిపోయామని తేలింది. క్లెమ్‌కి వేళలన్నీ ఒకదాని మీదొకటి పడి కనబడ్డాయన్నమాట.

"అలిగాడు," అంది వెరిటీ.

"దీవి పోలీసుకి చెప్పి ఓసారి చూసి రమ్మందామా?" అన్నాను.

"తప్పు మన దగ్గర పెట్టుకుని, వాడి తలుపు పోలీసుల చేత కొట్టిస్తావా? ఇంకా మండుతుంది వాడికి. పేజీ బాగైతే వాడే వస్తాడు."

పాత కంప్యూటరొకటి అరువు తెచ్చుకుని, తిండి కూడా పట్టించుకోకుండా కూర్చుంది. శుక్రవారానికి పేజీ చక్కబడింది. క్లెమ్ రాలేదు. శనివారం పడవెక్కి వెళ్లింది.

వంటింట్లో జారిపడి, చనిపోయి ఉన్నాడు. పడ్డాక కూడా రెండు రోజులు బతికే ఉన్నాడని డాక్టర్ చెప్పాడట. ఆ రెండు రోజులూ ఆమె అతని కోసమే పని చేస్తూ కూర్చుంది.

పాత బ్రౌజర్ వాడేవాళ్లు ఇక లేరు, ఆ కోడ్ తీసేయమన్నాడు మేనేజరు. వెరిటీయే తీసేసింది. పేజీలో క్లెమ్ అన్న పేరు మాత్రం ఉంచేసింది. దాని కింద ఇప్పుడు ఒక్క వరస కోడూ లేదు. ఏ బ్రౌజర్‌లోనూ అది దేన్నీ మార్చదు.

ఇప్పటికీ పొద్దున్నే వచ్చి ఆ లెక్క చూస్తుంది. టీ పెట్టుకోవడం మానేసింది.