జవాబు సరే, స్టెప్స్ ఏవి?

యూనివర్సిటీలో మొదటి సాయంత్రం నేను తరగతి గదిలో అడుగు పెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు. నెరిసిన తల, ఇస్త్రీ చొక్కా, చంకన సంచి చూసి నన్ను లెక్చరర్ అనుకున్నారు. నేను వెళ్లి ఒక బెంచీలో కూర్చున్నాక కూడా ఎవరూ కూర్చోలేదు. చివరికి పక్కనున్న కుర్రాడు వంగి అడిగాడు.

"సార్, మేం కూసోవచ్చా?"

"నేను గూడ మీ లెక్కనే. ఫస్టియర్."

"గట్లనా అంకుల్. ముందుగాల చెప్పొద్దా, కాళ్లు గుంజుతున్నయి."

ఉప్పుగూడలో ఒక టెంట్ హౌస్‌లో నా ఉద్యోగం. పెళ్లి జరిగే జాగా చూసి ఎంత షామియానా పడుతుంది, ఎన్ని గుంజలు పాతాలి, ఎంతమంది మనుషులు కావాలి అన్నది నోటితో చెప్పడం నా పని. ఎవరూ నేర్పలేదు, చూస్తూ చూస్తూ అబ్బింది. ఇంటర్ దగ్గర ఆగిన చదువు మీద మాత్రం ఆశ చావలేదు. అందుకే ఈ వయసులో సాయంత్రం క్లాసుల డిగ్రీలో చేరాను. మా సేఠ్ ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టాడు.

"సీజన్‌ల సాయంత్రం పూట నిన్ను ఇడుస్తున్న భాయ్. రెండు పరీక్షలు అయినంక చూస్త. రెండిట్ల ఒక్కటన్న పాస్ కాకుంటే కాలేజ్ బంద్, మళ్ల దుకాణంల కూసోవాలె."

సరేనన్నాను. నా భయమంతా ఇంగ్లిషు గురించే. లెక్కల గురించి ఫికర్ లేదు.

లెక్కల మొదటి పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. పన్నెండు మంది పది రోజుల్లో చేసే పనిని పదిహేను మంది ఎన్ని రోజుల్లో చేస్తారు? మా దగ్గరైతే పదిహేను మంది వస్తామంటే వచ్చేది పన్నెండు మందే, కాబట్టి పది రోజులే పడుతుంది. అయినా ప్రశ్నపత్రంలోని కూలీలు మాట మీద నిలబడేవాళ్లని ఒప్పుకొని, ఎనిమిది అని రాశాను. మిగతా ప్రశ్నలకూ అలాగే ఒక్కొక్క అంకె వేసి అందరికంటే ముందు బయటికి వచ్చాను.

పేపర్లు ఇచ్చిన రోజు నాకు సున్నా. మా బెంచీ మొత్తానికి సున్నా.

"నీ మీద భరోసాతోని మేం గూడ ఉత్త జవాబులే రాసినం అంకుల్" అన్నాడు పక్క కుర్రాడు. "అందరం ఒక్క జాగల మునిగినం."

లెక్కల మేడమ్ దగ్గరికి వెళ్లాను. నాకంటే చాలా చిన్నావిడ.

"జవాబులన్ని కరెక్టే గద మేడమ్."

"కరెక్టే. ఎట్ల వచ్చినయో ఏది?"

"వాటికవే వచ్చినయి మేడమ్."

"అట్లంటే మార్కులు రావండి. స్టెప్స్ రాయండి."

నాకు తోచనిది అక్కడే. మా వ్యాపారంలో పెళ్లివారికి మొత్తం చెప్పాలి గానీ, అది ఎలా తేలిందో చెప్పకూడదు. చెబితే ప్రతి వరుస దగ్గరా ఆగి, ఇక్కడ గుంజ తగ్గించు, అక్కడ పరదా తీసెయ్ అని బేరం మొదలుపెడతారు. చివరికి పందిరి ఒకవైపు కుంగితే తిట్లు మనకే. అందుకని అడిగినవాళ్లకల్లా "గంతే పడ్తది" అని ఊరుకోవడం అలవాటైంది. అలా ఏళ్ల తరబడి దాచీ దాచీ, నా లెక్క నాకే కనబడకుండా పోయింది.

యాకుత్‌పురాలో మా వంటింటి గడప మీద కూర్చుని సాధన మొదలుపెట్టాను. మొదటి వరుసలోనే చిక్కుకుపోయాను. కావలసిన రోజులు ఎక్స్ అనుకుందాం అని రాయాలట.

"జవాబు తెల్సి కూడ తెల్వనట్టు రాయాల్నంట" అని మా ఆవిడతో మొర పెట్టుకున్నాను.

ఆమె ఉల్లిగడ్డలు కోస్తూ తలెత్తలేదు. "గ్యాస్ అయిపోయిందని నేను చెప్పిన దినం గట్లనే ఉంటవ్ గద. నీకేం కష్టం?"

రెండో పరీక్ష వచ్చింది. ఆరుగురు ఇరవై రోజుల్లో కట్టే గోడను ఎనిమిది మంది ఎన్ని రోజుల్లో కడతారు? లోపల ఏదో పదిహేను అంది. దాన్ని నమ్మే కదా సున్నా తెచ్చుకున్నాను, ఈసారి దాని నోరు నొక్కేశాను. ఎక్స్ అనుకున్నాను, సూత్రం రాశాను, ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటూ దిగాను. మధ్యలో ఎక్కడో ఒక సున్నా ఎక్కువ పడింది. అడుగున నూట యాభై రోజులని తేలింది. ఎనిమిది మంది కలిస్తే గోడ ఇంకా ఆలస్యమవుతుందన్నమాట. ఇన్ని వరుసలు దాటి వచ్చిన జవాబు తప్పెలా అవుతుందనుకుని, దాని కింద రెండు గీతలు గీశాను.

పేపరు చేతికి వచ్చింది. ఆ ప్రశ్నకు ఐదుకు నాలుగు. పేపరులోని మార్కులన్నీ కలిపితే సరిగ్గా పాసు, ఒక్క మార్కు కూడా మిగల్లేదు. ఆ నాలుగు తీసేస్తే కాలేజీ లేదు, దుకాణమే. అయినా కూర్చోలేకపోయాను. లేచేసరికి పక్క కుర్రాడు నా సంచి పట్టుకున్నాడు.

"యాడికి అంకుల్?"

"జవాబు తప్పు. మేడమ్‌కు చెప్పాలె."

"పాగల్ అయినవా? ఇచ్చిన మార్కులు వాపస్ ఇస్తరా ఎవరన్న?"

సంచి అతని చేతిలోనే వదిలేసి వెళ్లాను. పేపరు ఆవిడ ముందు పెట్టి వేలితో చూపించాను.

"ఈ లెక్కన పందిరేస్తే పెండ్లికొడుకు ఎండల నిలబడ్తడు మేడమ్. దీనికి నాలుగెట్ల ఇచ్చిన్రు?"

ఆవిడ పేపరు చూసి, నన్ను చూసి, నవ్వాపుకుంది.

"తప్పుకు ఒకటి కోసిన గదండి. మీరు పోయిన తొవ్వ కరెక్టుంది, దానికి నాలుగు."

"అయితే ఉంచమంటరా?"

"ఉంచుకోండి. కానీ ఆ రెండు గీతలు ఎందుకు గీసిన్రో నాకు సమజ్ కాలే."

మర్నాడు దుకాణంలో సేఠ్‌కు పేపరు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని తిరగేసి తిరగేసి చూశాడు.

"జవాబు తప్పంటున్నవ్. పాస్ ఎట్లయినవ్ భాయ్?"

"తొవ్వ మంచిగుందంట."

ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత పేపరు మడిచి నా చేతికిచ్చాడు.

"అచ్ఛా. గా లెక్క కాలేజ్‌లనే పెట్టు, దుకాణంల తేకు" అని, గోడ గడియారం వైపు చూశాడు. "నడువ్, నీ క్లాస్ టైమైంది."