సున్నపు గీతల ఇల్లు

జహీరాబాద్‌లో ఇల్లు కట్టాలనుకునేవాళ్ల కోసం మహాదేవప్ప మేస్త్రీ ముందుగా కాగితం తీయడు. నడుం పట్టుకుంటూ వంగి, ఖాళీ ప్లాటులో సున్నంతో గదులన్నీ గీసి, "జర లోపల తిరుగున్రి" అంటాడు. చెవిమీది బీడీ వెలిగించుకుని చూస్తూ కూర్చుంటాడు. ఎవరూ నిలబడని గదిని చెప్పుకాలితో చెరిపేస్తాడు. సిమెంటు, స్టీలు ధరలు పెరిగినకొద్దీ ఆయన చెప్పులు మరీ తెల్లబడుతున్నాయి.

మొన్న ఝరాసంగం రోడ్డులో భాగీరథి, బస్వరాజ్ దంపతుల ప్లాటులోనూ అలాగే గీశాడు. వాళ్ల దగ్గరున్న డబ్బుకు మూడు గదులు లేవవు. ఈ ఏడాది ఇల్లు వద్దని చెప్పబోయాడు. అంతలో భాగీరథి, వంటగది గీతల మధ్య ఆయన వదిలిన వాకిలి ముందు చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది.

"కాకా, పొయ్యి ఈడనే గదా?" అని అడిగింది.

మహాదేవప్ప బీడీ నలిపేశాడు. వెలుపలి నుంచే హాలు చెరిపేశాడు.

"వంటర్ర, ఇంకో అర్ర. గింతయితే లేస్తదమ్మా. ఫికర్ చెయ్యకు."

వంటర్ర కొలవాలని టేపు పట్టుకుని గోడ గీత దాటబోయి ఆగాడు. చుట్టూ తిరిగి వాకిలి దగ్గరికి వచ్చి, తన తెల్లటి చెప్పులు ఆమె చెప్పుల పక్కన విడిచాడు.