జడ విప్పిన కెప్టెన్

ఆ రోజుల్లో కెప్టెన్ అనే మాటకి బరువుండేది. ఇప్పుడు ఏ బడికి వెళ్లినా ప్రతి కుర్రాడి చొక్కాకీ ఒక బిళ్ల వేలాడుతోంది. దేనికి నాయకుడివిరా అంటే వాడికే తెలియదు. ఇది అన్యాయమని ఎంత మొత్తుకున్నా వినేవాడు లేడు. బడి చదువు పదో తరగతితో ఆగిపోయినా, లైబ్రరీలో నాయకత్వం మీద ఉన్న లావుపాటి పుస్తకాలన్నీ నాకు నేనే చదువుకున్నాను. మా పొట్లం చేసిన పని వాటిలో ఒక్కదాంట్లోనూ లేదు.

పొట్లం అంటే మా ధవళేశ్వరం బజార్లో కిరాణా కొట్టువాళ్ల అబ్బాయి. బడి వదలగానే కొట్లో కూర్చుని పొట్లాలు కట్టేవాడు కాబట్టి ఆ పేరు. డెబ్బయ్యో దశకం చివర్లో ఒక ఏడు, మా స్కూలు వార్షికోత్సవానికి డ్రిల్లు మాస్టారు జడకోలాటం పెట్టారు. (చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. పైన దూలానికి చీరలు కట్టి, తలో కొస ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో కోల కొడుతూ ఒకరికొకరు ఎదురు నడవాలి. ఒకరు లోపలి నుంచి, ఒకరు బయటి నుంచి తప్పుకుంటూ పోతే పైన చీరలు జడలా అల్లుకుంటాయి. తరువాత వచ్చిన దారినే వెనక్కి నడిచి ఆ జడ విప్పాలి. ప్రాణసంకటమంతా ఆ విప్పడంలోనే.)

అందరికన్నా పొడుగువాణ్ణి, గొంతు పెద్దది, కనుక కెప్టెన్సీ నాదేనని నేను నిశ్చయించుకున్నాను. దాన్ని ఖాయం చేసుకోవడానికి అమ్మ పెళ్లినాటి ఉప్పాడ చీర కూడా అడిగి తెచ్చాను. "చిరుగు పడిందో, నువ్వు ఇంటికి రానక్కర్లేదు," అని చెప్పి మరీ ఇచ్చింది. తీరా మాస్టారు పొట్లాన్ని కెప్టెన్ చేశారు.

"వాడు నా భుజం దాకా కూడా రాడండి," అన్నాను.

"కోలాటం కొలతలతో ఆడరురా. వెళ్లి నిలబడు," అన్నారాయన.

ఆ సాయంత్రం ముందు వరసలో ఇరిగేషన్ ఇంజనీరు గారు. వెనక ఆడవాళ్లలో మా అమ్మ. ఆవిడ కళ్లు నా మీద కాదు, చీర మీద. జడ సగం అల్లాక, నాకు ఎదురొచ్చిన బొండం (ఆకారాన్ని బట్టి పెట్టిన పేరు) లోపలికి పోవలసినవాడు బయటికి పోయాడు. గత్యంతరం లేక నేను లోపలికి దూరాను.

"తప్పు," అని అరిచాను.

"చూశాను. ఆడు," అన్నాడు పొట్లం, అడుగు ఆపకుండా.

నాకు ఒళ్లు మండింది. తప్పు చూసి కూడా దిద్దనివాడు కెప్టెనా? సరే, నేనే దిద్దుతానని, విప్పేటప్పుడు ఆ చోటు రాగానే బొండాన్ని రెక్క పట్టుకుని లోపలికి తోసి, శాస్త్రప్రకారం నేను బయటి నుంచి నడిచాను.

జడ బిగుసుకుపోయింది. ముడి సరిగ్గా అమ్మ చీర మీదే పడింది. అందరం ఆగిపోయాం. ప్యూను కత్తెర పట్టుకుని స్టేజి మెట్లు ఎక్కుతున్నాడు. వెనక అమ్మ లేచి నిలబడింది.

పొట్లం కాలి గజ్జె మాత్రం ఆగలేదు. ఆ తాళంలోనే తలెత్తి జడ చూసి, మెల్లగా అన్నాడు: "మీరిద్దరూ ఒక అడుగు వెనక్కి రండ్రా. ఇందాక తప్పు ఎలా చేశారో మళ్లీ అలాగే చెయ్యండి."

"చేసింది వాడు, నేను కాదు."

"తెలుసు. దిద్దింది నువ్వు. ముడి పడింది నీ దిద్దుబాటుకే."

"అయితే కావాలని తప్పు చెయ్యమంటావేంట్రా?"

"నీకు ఒప్పు కావాలా, మీ అమ్మ చీర కావాలా?"

పైకి చూశాను. చీరే కావాలి. బొండాన్ని బయటికి వదిలి నేను లోపలి నుంచి దూరాను. ముడి దానంతటదే జారిపోయింది. మిగతా జడంతా విడిపోయి చీరలు గాలికి ఊగుతుంటే అప్పుడర్థమైంది నాకు. అల్లేటప్పుడే వాడు ఆ తప్పుని గుర్తుపెట్టుకుని, తిరుగు దారిలో దానికి చోటు ఉంచాడు. కొట్లో పురికొస ముడులు విప్పే బుద్ధి కాబోలు అని తీసిపారెయ్యబోయాను గానీ, మనసు ఒప్పుకోలేదు. నా భుజం దాకా రానివాణ్ణి తలెత్తి చూస్తున్నట్టనిపించింది.

"మధ్యలో ఆ ఆగడం ఏంటిరా?" అని మాస్టారు అడిగారు.

"కొత్త అడుగండి. వీళ్లిద్దరూ బాగా వేశారు," అన్నాడు పొట్లం. ఇంజనీరు గారు కూడా అదే బాగుందన్నారు.

ఏభై ఏళ్లు కావస్తోంది. ఇప్పటికీ ఎదుటివాళ్ల తప్పు కనబడితే నేను ఊరుకోలేను. మొన్న మా ఆవిడ, పెళ్లైన కొత్తలో కోరుకొండ కొండెక్కిన రోజు తను ఆకుపచ్చ చీర కట్టుకున్నానంది. కాదు, పసుపుపచ్చదన్నాను. అరగంట వాదించాను. ఆవిడ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగి, "మీకు ఒప్పు కావాలా, కాఫీ కావాలా?" అంది.

ఈ కథ ఆవిడకి చెప్పి ఉండకూడదు. ఎక్కడో గజ్జె చప్పుడు వినబడినట్టయింది. నాకే నవ్వొచ్చి, ఆకుపచ్చదేనని కాఫీ అందుకున్నాను.

(పసుపుపచ్చదే.)